మంచు రైలెక్కిన శీతకాలం

ఉష్ణమండల సముద్రాల వేడికీ, భూగోళపు ఉత్తర కొసన చలికాలాలకూ ఉన్న సంబంధం గురించి ఒక ప్రసంగం. రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడులో వెనుక వరుసల వారికి వినిపించకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

ఇంత ఉక్కలో కూర్చోబెట్టి అలాస్కా చలి గురించి చెబుతాడేమిటి అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. సరే, మన దగ్గరి నుంచే మొదలుపెడదాం. ధాత కరువు అనే మాట విన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అవును, పెద్దవాళ్లే ఎత్తారు. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగిన కరువు అది. బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతాలు అల్లాడిపోయాయి. దక్కన్, దక్షిణాది కలిపి 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. మద్రాసు దగ్గర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కరువు పనుల కింద తవ్వించింది అప్పుడే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1877-78 శీతకాలంలో, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న అమెరికా రాష్ట్రం మిన్నెసోటాలో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అదే విశేషం. చలికాలం రానేలేదు. అక్కడివాళ్లు దాన్ని శీతకాలం లేని ఏడు అని గుర్తుపెట్టుకున్నారు. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల ఉష్ణోగ్రతల పట్టికలో అంత వెచ్చని చలికాలం మళ్లీ 146 ఏళ్ల దాకా రాలేదు. ఆ రికార్డు 2023-24లో బద్దలైంది. మీలో కొందరి పిల్లలు ఆ ఊళ్లలోనే ఉన్నారు కదా, ఆ ఏడు మంచే పడలేదని ఫోన్లో చెప్పే ఉంటారు.

1877లో మన నైరుతి రుతుపవనాలు మొహం చాటెయ్యడానికీ, ఆ చలికాలం మిన్నెసోటాలో చలి పుట్టకపోవడానికీ మూలం ఒకే చోట ఉంది. అది మన దగ్గరా లేదు, వాళ్ల దగ్గరా లేదు. పసిఫిక్ మహాసముద్రం నడుమ, భూమధ్యరేఖ మీద ఉంది. ఆ ఏడు అక్కడ చాలా బలమైన ఎల్ నినో. 2023-24 కూడా ఎల్ నినో ఏడే.

ఈ రెండు కొసలనూ కలిపి చూసిన తొలి మనిషి మన దేశంలో ఉద్యోగం చేసినవాడే. ఆయన పేరు గిల్బర్ట్ వాకర్. కేంబ్రిడ్జిలో గణితం చదివిన ఇంగ్లిషువాడు. వాతావరణ శాస్త్రం చదివినవాడు కాదు. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. అంతకు కొన్నేళ్ల ముందే, 1899లో, మళ్లీ వానలు ఎగ్గొట్టి మళ్లీ కరువు వచ్చింది. వచ్చే ఏడు వానలు పడతాయో లేదో ముందే చెప్పగలవా అన్నది ప్రభుత్వం ఆయన ముందు పెట్టిన ప్రశ్న. కంప్యూటర్లు లేని కాలం. సిమ్లాలో భారతీయ గుమాస్తాలను కూర్చోబెట్టి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పీడనం, వాన, ఉష్ణోగ్రత అంకెలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి లెక్కలు కట్టించాడు. ఏళ్ల తరబడి. ఆ గుమాస్తాల పేర్లు చరిత్రలో పెద్దగా మిగల్లేదు గానీ, చేసినది వాళ్లే.

మరి వానల జోస్యం కుదిరిందా? ఆయన కోరుకున్నంతగా కుదరలేదు. కానీ వానల కోసం వెతుకుతుంటే వేరేది దొరికింది. పసిఫిక్‌కు అటూ ఇటూ పీడనం ఒకవైపు పెరిగితే రెండోవైపు తగ్గుతూ ఉండడం గమనించి, దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఉత్తర అట్లాంటిక్‌లో అలాంటిదే ఇంకొకటి, ఉత్తర పసిఫిక్‌లో మరొకటి ఉన్నాయన్నాడు. 1932లో బ్లిస్ అనే సహచరుడితో కలిసి రాసిన వ్యాసంలో, ఈ దక్షిణ డోలనానికీ కెనడా నైరుతి భాగంలోని చలికాలాలకూ సంబంధం ఉందని చూపించాడు. చాలామంది నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు? భూమధ్యరేఖ దగ్గర బారోమీటరు కదిలితే కెనడాలో చలి తగ్గుతుందంటే, ఎలా తగ్గుతుందో చెప్పాలి కదా? వాకర్ దగ్గర అంకెలున్నాయి, కారణం లేదు.

కారణం దొరకడానికి ఇంకో నలభై, యాభై ఏళ్లు పట్టింది. 1969లో యాకోబ్ బ్యెర్క్‌నెస్ అనే నార్వే శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో పనిచేస్తూ, సముద్రపు వేడిని, వాకర్ చూసిన పీడనాల ఊగిసలాటను ఒకే కథలోకి తెచ్చాడు. 1981లో హాస్కిన్స్, కరోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మిగతా సగం పూర్తి చేశారు. ఆ సగమే ఇవాళ మనకు ముఖ్యం. కాస్త నిదానంగా చెబుతాను.

పసిఫిక్ పడమటి వైపు, ఇండోనేషియా దగ్గర, నీళ్లు మామూలుగానే 28 నుంచి 30 డిగ్రీల వేడితో ఉంటాయి. తూర్పున పెరూ వైపు చల్లగా ఉంటాయి. వ్యాపార పవనాలు వెచ్చని నీటిని పడమటికి తోస్తూ ఉంటాయి. కొన్నేళ్లకొకసారి ఆ గాలులు సడలుతాయి. వెచ్చని నీరు తూర్పుకు జరుగుతుంది. అదే ఎల్ నినో. ఇంతవరకూ పేపర్లలో చదివే ఉంటారు. నీటితోపాటు మేఘాలు కూడా తూర్పుకు జరుగుతాయి, ఇది మాత్రం పేపర్లలో తక్కువగా వస్తుంది. వెచ్చని నీటి మీదే ఉరుముల మేఘాలు గుంపులుగా లేస్తాయి. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు గుప్తోష్ణం, అంటే ఆవిరిలో దాగి ఉన్న వేడి, బయటపడుతుంది. పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా ఆ వేడి గాలిలోకి చేరుతుంది. పైకెక్కిన గాలి పక్కలకు విరజిమ్ముకుంటుంది.

వాతావరణం ఒక నది అనుకోండి. గోదావరిలో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు రాతిని చూశారా? రాయి ఒకచోటే ఉంటుంది. దాని దిగువన నీటి మీద అలలు లేచి, కదలకుండా, ఒకదాని తర్వాత ఒకటి నిలబడి ఉంటాయి. మేఘాల గుంపు ఆ రాయి. పైన పడమటి నుంచి తూర్పుకు పారే గాలి ఆ నీరు. అలలే రాస్‌బీ తరంగాలు. భూమి గోళం కాబట్టి ఈ అలలు నేరుగా తూర్పుకు పోవు. వంపు తిరిగి ఉత్తరానికి, అలాస్కా వైపుకు, అక్కడి నుంచి కెనడా మీదుగా ఆగ్నేయానికి దిగుతాయి. ఒక అల అధికపీడనం, తర్వాతది అల్పపీడనం, మళ్లీ అధికపీడనం. భూమధ్యరేఖ నుంచి అలాస్కా చేరడానికి రెండు వారాలు చాలు. మేఘాలు అక్కడే ఉన్నంతకాలం, అంటే శీతకాలమంతా, అలలు కూడా అక్కడే ఉంటాయి.

చలికాలంలోనే ఎందుకు, ఎండాకాలంలో ఎందుకు కాదు? ముందు వరుసలో ఒకరు ఇందాకటి నుంచి అదే అడగాలని చూస్తున్నట్టున్నారు. రెండు కారణాలు. మొదటిది, ఈ అలలు పడమటి గాలుల్లోనే ప్రయాణం చేయగలవు. చలికాలంలో ఆ గాలులు బలంగా వీస్తాయి, దక్షిణానికీ బాగా దిగుతాయి. రెండోది నాకు ఇంకా ఇష్టమైన కారణం. ఆర్కిటిక్‌లో చలికాలం సూర్యుడే ఉండడు. అలాస్కా ఉత్తరపు కొసన ఉట్కియాగ్విక్ అనే ఊరుంది, ఒకప్పుడు బారో అనేవారు. అక్కడ నవంబరులో అస్తమించిన సూర్యుడు మళ్లీ జనవరిలోనే కనిపిస్తాడు. సుమారు 65 రోజుల రాత్రి. మరి ఆ 65 రోజులూ ఆ ఊరికి వేడి ఎక్కడిది? చాలావరకు దక్షిణం నుంచి గాలి మోసుకొచ్చిందే. గాలి దారి మారితే బతుకు మారిపోతుంది. దక్షిణపు గాలి వేడితోపాటు తేమనూ తెస్తుంది, మేఘాలు కమ్ముకుంటాయి. నిర్మలాకాశం ఉంటే నేల తన వేడిని అంతరిక్షానికి వదిలేస్తుంది. మేఘాలుంటే అవి పరారుణ కిరణాలను తిరిగి కిందికి పంపుతాయి. చీకట్లో అదే వాళ్ల ఎండ.

ఇక ఎల్ నినో ఏడు ఏమవుతుందో చూడండి. అలాస్కాకు దక్షిణంగా అలూషియన్ దీవుల దగ్గర చలికాలం ఎప్పుడూ ఒక అల్పపీడనం ఉంటుంది. మన బంగాళాఖాతం అల్పపీడనాలలా వచ్చి పోయేది కాదు. ఎల్ నినో వచ్చినప్పుడు అది మరింత బలపడుతుంది. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది కదా, దాని తూర్పు పక్కన గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. సముద్రపు వెచ్చని గాలి నేరుగా అలాస్కాలోకి, పశ్చిమ కెనడాలోకి దూరుతుంది.

2015-16లో ఇదే జరిగింది. అలాస్కాలో అతి పెద్ద ఊరు యాంకరేజ్. ఏటా మార్చి మొదట్లో అక్కడ కుక్కల బళ్ల పందెం మొదలవుతుంది, ఇడిటరాడ్ అంటారు. 2016లో ప్రారంభోత్సవానికి వీధుల్లో పరచడానికి ఊళ్లో మంచు లేదు. ఏం చేశారు? ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి గూడ్సు రైలు పెట్టెల్లో మంచు నింపి తెప్పించారు. దాదాపు 570 కిలోమీటర్ల రైలు దారి. అలాస్కాలో! అయినా సరిపోక, ఊళ్లో సాగే ఆ ఉత్సవ పరుగును 11 మైళ్ల నుంచి 3 మైళ్లకు కుదించారు. నవ్వకండి, నవ్వు వచ్చే మాటే గానీ, అక్కడ ఎన్నో పల్లెలకు చలికాలంలో గడ్డకట్టిన నదే రోడ్డు. మంచు సరిగ్గా కట్టకపోతే ఆ రోడ్డు లేనట్టే.

దీనికి రెండో పక్క కూడా ఉంది. అల ఒకచోట పైకి లేస్తే ఇంకోచోట కిందికి దిగాలి కదా? 1976-77 శీతకాలం ఎల్ నినో శీతకాలం. అలాస్కా వెచ్చగా ఉంది. అదే జనవరిలో అమెరికా తూర్పు భాగం బిగుసుకుపోయింది. 1977 జనవరి 19న ఫ్లోరిడాలో, మయామీలో మంచు పడింది. ఆ ఊరి చరిత్రలో మంచు పడిన రోజు అదొక్కటే. ఉత్తర ధ్రువం గాలి అలాస్కాను వదిలేసి మయామీ దాకా దిగింది. ప్రపంచం వేడెక్కుతోందంటారు, మరి ఈ చలేమిటి అని ఏటా వెక్కిరించేవాళ్లుంటారు. వాళ్లకు ఆ రోజు అలాస్కా పటం చూపించాలి.

ఇప్పటిదాకా చెప్పింది వింటే, ఎల్ నినో వస్తే ఉత్తరాన వెచ్చదనం, రాకపోతే చలి, లెక్క తేలిపోయింది అనిపిస్తుంది. పేపర్లూ టీవీలూ అలాగే చెబుతాయి. నా ఫిర్యాదు సరిగ్గా దాని మీదే. ఎల్ నినో ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. వేడి ఎక్కడుంది అన్నది అసలు ప్రశ్న. రాయి నాలుగు బారలు పక్కకు జరిగితే అలలన్నీ జరుగుతాయి.

ఎల్ నినోలలోనే రెండు రకాలున్నాయి. ఒకటి పెరూ తీరం వైపు బాగా వేడెక్కేది. ఇంకొకదానిలో వేడి పసిఫిక్ మధ్యలో ఉంటుంది, తూర్పూ పడమరా రెండూ చల్లబడతాయి. రెండో దాన్ని ఎల్ నినో మొడోకి పేరుతో 2007లో వివరించిన బృందంలో మొదటి పేరు మన తెలుగువాడిది, కారుమూరి అశోక్ గారిది. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. జపాన్‌లో యమగాటా అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పని అది. ఈ రెండు రకాలకూ వానలూ చలికాలాలూ వేర్వేరుగా స్పందిస్తాయి. పేరు ఒకటే, ఫలితాలు రెండు.

ఎల్ నినోయే లేని శీతకాలం సంగతి చూద్దాం. 2013-14. అప్పుడు పసిఫిక్‌లో ఎల్ నినో లేదు, దానికి తలకిందులైన లా నినా కూడా లేదు. అయినా పడమటి పసిఫిక్ ఉష్ణమండలం మామూలుకన్నా వెచ్చగా ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని డెన్నిస్ హార్ట్‌మన్ లెక్క ప్రకారం, ఆ శీతకాలపు వింతలకు బీజం అక్కడే పడింది. అమెరికా పశ్చిమ తీరానికి ఎదురుగా పెద్ద అధికపీడనం వచ్చి నెలల తరబడి కదలకుండా కూర్చుంది. దాని పడమటి పక్క నుంచి వెచ్చని గాలి అలాస్కాలోకి ఎక్కింది. జనవరి ఆఖరులో పోర్ట్ ఆల్స్‌వర్త్ అనే చోట దాదాపు 17 డిగ్రీలు నమోదైంది. సున్నాకు కింద 17 కాదు, పైన. వాల్డీజ్ ఊరికి పోయే ఒకే ఒక్క రహదారి మీద మంచు చరియలు విరిగిపడి లోవ్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టేశాయి. నది నీళ్లు వెనక్కి ఎగదన్ని రోడ్డు చెరువైపోయింది. రోజుల తరబడి ఆ ఊరికి పడవలూ విమానాలే దిక్కు. మరి ఆ అధికపీడనానికి తూర్పున? ధ్రువపు గాలి జారిపోయి, అమెరికా మహా సరస్సుల మీద 92 శాతం దాకా మంచు గడ్డకట్టింది.

ఎల్ నినో ఏడు అలాస్కా వెచ్చబడింది అల్పపీడనం వల్ల. 2014లో వెచ్చబడింది అధికపీడనం వల్ల. రెండుసార్లూ థర్మామీటరు ఒకే మాట చెప్పింది. థర్మామీటరును మాత్రమే చూసేవాడు రెండూ ఒకటే అనుకుంటాడు.

గ్రీన్‌లాండ్, ఈశాన్య కెనడా సంగతి ఇంకా ఆసక్తికరం. 1979 తర్వాత ఆర్కిటిక్‌లో బాగా వేగంగా వేడెక్కిన చోట్లలో అవి ఉన్నాయి. 2014లో చింగ్‌హువా డింగ్ అనే శాస్త్రవేత్త బృందం లెక్క కట్టి, అక్కడి వేడిలో సగం దాకా ఉష్ణమండల పసిఫిక్ పోకడ వల్ల వచ్చి ఉండవచ్చని తేల్చింది. దానికి కారణమైన పసిఫిక్ పోకడ ఎల్ నినో లాంటిది కాదు, లా నినా లాంటిది. పడమర వేడి, తూర్పు చల్లన. అంటే సముద్రపు వేడి పటం ఒకటి అలాస్కాకు వెచ్చదనం తెస్తే, గ్రీన్‌లాండ్‌కు దాదాపు తలకిందుల పటం తెచ్చింది.

యూరప్ దాకా వెళ్దాం. 1939 నుంచి 1942 దాకా చాలాకాలం ఎల్ నినో సాగింది. ఆ మూడు శీతకాలాలూ యూరప్‌లో ఘోరమైన చలి. 1941 డిసెంబరులో మాస్కో ముందర జర్మన్ సైన్యం గడ్డకట్టిన కథ తెలుసు కదా? ఓటమికి చలి ఒక్కటే కారణమని నేను అనను, సోవియట్ సైనికులకు అన్యాయం చేసినట్టవుతుంది. కానీ చలి మాత్రం నిజం. 2004లో స్టెఫాన్ బ్రోనిమన్ అనే స్విస్ శాస్త్రవేత్త, ఆ చలినీ అదే సమయంలో అలాస్కాలో ఉన్న వెచ్చదనాన్నీ ఒకే ఎల్ నినోతో ముడిపెట్టి చూపించాడు. దారి ఏమిటంటే, బలపడిన అలూషియన్ అల్పపీడనం అలలను పైకి, మేఘాలకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరలోకి పంపుతుంది. అక్కడ ధ్రువం చుట్టూ తిరిగే గాలుల సుడి బలహీనపడుతుంది. ఆ ప్రభావం వారాల తర్వాత అట్లాంటిక్ మీదకు దిగి, వాకర్ గుర్తించిన ఉత్తర అట్లాంటిక్ ఊగిసలాటను చలి వైపుకు నెడుతుంది. ప్రతి ఎల్ నినోకూ ఇలా జరగదు. కానీ జరిగినప్పుడు, అలాస్కాను కాపాడిన సముద్రమే మాస్కోను గడ్డకట్టిస్తుంది.

మన హిందూ మహాసముద్రం కూడా ఈ ఆటలో ఉంది. 2019లో ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడ్డాయి. దశాబ్దాల్లో అంత బలంగా రాలేదు. మన దేశంలో వానలు సగటులో 110 శాతం. తూర్పు ఆఫ్రికాలో వరదలు. ఆస్ట్రేలియాలో కార్చిచ్చులు. ఇవన్నీ వార్తల్లో వచ్చాయి. ఆ శీతకాలం ఉత్తర యూరప్, రష్యా అంతటా విపరీతంగా వెచ్చగా ఉండడానికి కూడా ఇందులో పెద్ద వాటా ఉందని బ్రిటన్ వాతావరణ శాఖ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ఆ డిసెంబరులో మాస్కోలో కొత్త సంవత్సరం వేడుకలకు మంచు లేక, లారీల్లో కృత్రిమ మంచు తెచ్చి పోశారు. అక్కడ రైలు, ఇక్కడ లారీలు!

ఇవి నెలల తరబడి సాగే కథలు. వారాల లెక్కన సాగేవీ ఉన్నాయి. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు పట్టుకున్న మేఘాల అల ఒకటి, హిందూ మహాసముద్రంలో పుట్టి తూర్పుకు నడుస్తుంది, 30 నుంచి 60 రోజులకొకసారి. మన వానల్లో విరామాలకు దీనితో సంబంధం ఉంది. శీతకాలంలో ఇది ఇండోనేషియా దీవుల మీద ఉంటే, వారం రెండు వారాల్లో ఆర్కిటిక్‌లో వెచ్చదనం పెరిగే అవకాశం ఎక్కువ. జలుబు చేసినవాడికి జ్వరం వస్తుందన్నంత కచ్చితంగా చెప్పలేం, అవకాశం అంటున్నాను.

ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే నన్ను తప్పుగా వాడుకుంటారు. ఆర్కిటిక్ 1979 నుంచి ప్రపంచ సగటుకన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. ఆ మొత్తానికి ఎల్ నినో కారణమా? కాదు. మనం కాల్చిన బొగ్గు, చమురు కారణం. కరిగిన మంచు కారణం. ఉష్ణమండల సముద్రాలు నిర్ణయించేది ఏ ఏడు ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నదాన్ని. పదేళ్లు, ఇరవై ఏళ్ల పాటు ఏ ప్రాంతం మిగతావాటికన్నా ముందు పరుగెడుతుందన్నదాన్ని. గ్రీన్‌లాండ్‌లో సగం అన్నది గ్రీన్‌లాండ్ లెక్క, భూగోళం లెక్క కాదు. ఆ వ్యాసంలోంచి ఆ సగం మాటను మాత్రమే కత్తిరించి తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి అసలు చిక్కుముడి. కంప్యూటర్ నమూనాల్లో చాలా భాగం, భూమి వేడెక్కే కొద్దీ పసిఫిక్ తూర్పు భాగం ఎక్కువగా వేడెక్కుతుందని చెబుతూ వచ్చాయి. అంటే కాలం గడిచేకొద్దీ పటం ఎల్ నినో వైపు మొగ్గాలి. గడిచిన నలభై ఏళ్లలో జరిగిందేమిటి? పడమర వేడెక్కింది. తూర్పు వేడెక్కలేదు, కొన్నిచోట్ల కాస్త చల్లబడింది కూడా. 2020 నుంచి వరసగా మూడు శీతకాలాలు లా నినాయే. ఎందుకిలా? నమూనాల్లో ఏదో లోపం ఉందనేవాళ్లున్నారు. ఇది సహజమైన ఊగిసలాట, కొన్నాళ్లకు తిరగబడుతుందనేవాళ్లున్నారు. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రం చల్లగా ఉండి పోవడమే మూలం అనేవాళ్లూ ఉన్నారు. నా మొగ్గు రెండోదాని వైపు, కానీ పందెం కాయమంటే కాయను.

ఏది నిజమైనా ఉత్తరానికి తేడా పడుతుంది. తూర్పు పసిఫిక్ ఇలాగే వెనకబడి ఉంటే, గ్రీన్‌లాండ్ వైపు వేడి ఒత్తిడి కొనసాగుతుంది. తిరగబడితే, ఇప్పటికే బొగ్గు, చమురు వేడి మోస్తున్న అలాస్కా మీద పసిఫిక్ వేడి కూడా వచ్చి పడుతుంది. అక్కడి ఇళ్లలో ఎన్నో శాశ్వతంగా గడ్డకట్టి ఉన్న నేల మీద కట్టినవి, ఆ నేల కరిగితే పునాది కుంగుతుంది. రెండింటిలో ఏది జరగబోతోందో ముందు తెలిసేది అలాస్కాలో కాదు, భూమధ్యరేఖ వెంట పసిఫిక్‌లో లంగరేసి ఉంచిన తేలుబోయాల, అంటే నీటి మీద తేలే కొలత పరికరాల, అంకెల్లో.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. ప్రశ్నలు తీసుకుంటాను. ముందు ఆ ముందు వరుసాయన, ఇందాకటి నుంచి ఆగారు. మైకు అటు ఇవ్వండి.